పొలం పనికి మనుషులు కరువయ్యారా, ఆ పనిలో నిలవలేకపోతున్నారా?

తొలకరి

ఈ వేదికలో విత్తనాల గురించీ, ఎరువుల గురించీ, గిట్టుబాటు ధరల గురించీ జరిగినంత చర్చ పొలంలో దిగి పని చేసే మనుషుల గురించి జరగలేదు. ఆ లోటు తీర్చాలనే ఉద్దేశంతో ఈ అంశాన్ని ప్రారంభిస్తున్నాను.

ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం 2000లో ప్రపంచంలోని శ్రామికులలో 40 శాతం మంది, అంటే 102 కోట్లకు పైగా, వ్యవసాయంపై ఆధారపడి పని చేసేవారు. 2021 నాటికి ఆ వాటా 27 శాతానికి, ఆ సంఖ్య సుమారు 87 కోట్లకు తగ్గింది. ఒక తరం కూడా నిండకముందే పదిహేను కోట్ల మంది ఈ రంగం నుంచి తగ్గిపోయారన్న మాట. తినే నోళ్లు ఈ కాలంలో పెరిగాయే తప్ప తగ్గలేదు.

నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. ఏ దేశపు రైతును అడిగినా కూలీలు దొరకడం లేదనే చెబుతున్నాడు. ఏ దేశపు కూలీని అడిగినా ఈ పనిలో బతకడం కష్టంగా ఉందనే చెబుతున్నాడు. దేనికైనా కొరత వస్తే దాని వెల పెరగాలి కదా? మనుషులే కరువైన పక్షంలో వ్యవసాయ కూలి మిగిలిన వృత్తుల వేతనాలన్నిటికంటే అడుగునే ఎందుకు ఉండిపోతోంది? సేద్యం చేసేవారు, లెక్కలు తెలిసినవారు, కార్మికుల పక్షాన పని చేసేవారు అందరూ ఈ వేదికలో ఉన్నారు కనుక మీ మీ అనుభవం నుంచి వివరించవలసిందిగా కోరుతున్నాను.

లెక్కలపద్దు

తొలకరి గారూ, మీ ప్రశ్నకు సమాధానం వెతికే ముందు, అన్ని చోట్లా ఒకే రకమైన మార్పు జరుగుతోందన్న భావనను కొంత పక్కన పెట్టవలసి ఉంటుంది.

ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, సేద్యంలో అవసరానికి మించి ఉన్న మనుషులు క్రమంగా పరిశ్రమలకు తరలుతారు. ఆ మిగులు ఉన్నంతకాలం కూలి పెరగదు; అది హరించుకుపోయిన దశలో పల్లెలోనూ పట్నంలోనూ కూలి పెరగడం మొదలవుతుంది. ధనిక దేశాలు ఆ దశను ఎప్పుడో దాటాయి. భారతదేశం వంటి దేశాల కథ ఇంత సూటిగా లేదు. 2001 జనగణనలో సొంతంగా సాగు చేసేవారు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011 నాటికి సాగుదారులు 11.88 కోట్లకు తగ్గగా కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. సాగు వదిలిన వారందరూ కర్మాగారాలకు వెళ్లలేదని, చాలామంది ఇతరుల పొలాల్లో కూలికి దిగి ఉంటారని ఈ లెక్క సూచిస్తోంది.

ఆ తరువాత జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. భారత ప్రభుత్వ శ్రామిక సర్వేల ప్రకారం పని చేసేవారిలో వ్యవసాయంలో ఉన్నవారి వాటా 2018-19లో 42.5 శాతానికి దిగి, కోవిడ్ కాలంలో పట్నాల నుంచి జనం తిరిగి రావడంతో 2020-21లో 46.5 శాతానికి ఎగబాకింది. ఆ ఉపద్రవం గడిచి, పట్నాల్లో పనులు మొదలైన తరువాత, 2023-24లో కూడా అది 46.1 శాతంగానే ఉంది. పట్నంలో నిలకడైన ఉపాధి దొరకనివారికి పొలం ఒక ఆశ్రయంగా మిగిలిందని దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటున్నాను. ఒకే దేశంలో ఒక రైతు మనుషుల కోసం వెతుకుతుండగా ఇన్ని కోట్ల మంది సేద్యానికి తిరిగి రావడం పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది. అయితే రెండూ నిజాలే.

నారుమడి

లెక్కలపద్దు గారి వివరణను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. ఏడాది మొత్తానికి కలిపి చూపే సగటు లెక్కలు సేద్యం చేసేవాడికి ఏమాత్రం ఉపయోగపడవు. నాకు ఏడాదిలో తొమ్మిది నెలలు నలుగురు మనుషులు చాలు. కాపు పక్వానికి వచ్చిన మూడు వారాల్లో అరవై మంది కావాలి. ఆ మూడు వారాలే చుట్టుపక్కల ప్రతి తోటకూ కావలసిన మూడు వారాలు. అదను దాటితే కాయ చెట్టు మీదే మెత్తబడుతుంది. నాట్లు ఆలస్యమైతే దిగుబడి పడిపోతుంది. కలుపు ఒక విడత ఆగితే తరువాత ఎంతమందిని పెట్టినా పంటను తిరిగి తెచ్చుకోలేము. కర్మాగారం యజమాని పని ఒక వారం వాయిదా వేసుకోగలడు. మాకు ఆ వెసులుబాటు లేదు.

ఇక కూలి ఎందుకు పెంచరన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. చేతితో కోసే పండ్లు, కూరగాయల సాగులో ఖర్చంతటిలోకీ కూలి ఖర్చే పెద్దది. నా సరుకు ధరను నేను నిర్ణయించను, కొనేవాడు నిర్ణయిస్తాడు. కూలి పెంచిన మేరకు ధర పెంచి అమ్ముకునే అవకాశం నాకు ఉంటే ఈ చర్చలో సగం అవసరం ఉండేది కాదు. ఆ అవకాశం లేనప్పుడు నేను చేయగలిగినది పంట మార్చడం, లేదా విస్తీర్ణం తగ్గించడం. మనుషులు ఎక్కువగా కావలసిన కూరగాయలు మానేసి యంత్రంతో కోయగలిగిన గింజ పంటలకో, ఏళ్ల తరబడి నిలిచే చెట్ల తోటలకో మారిన రైతులు నాకు చాలామంది తెలుసు. ఆ మార్పును ఎవరూ కూలీల కొరత కింద లెక్క వేయరు. కానీ కారణం అదే.

ఇనుపనాగలి

యంత్రాల రూపకల్పనలో పని చేసినవాడిగా నా వంతు చెబుతాను. యంత్రం అన్ని పంటల్లోకీ ఒకే వేగంతో రాలేదు. రానున్న రోజుల్లో కూడా రాదు. గోధుమను కోసి నూర్చే యంత్రం సులువుగా వచ్చింది, ఎందుకంటే చేను అంతా ఒకేసారి పండుతుంది, గింజ గట్టిది, దెబ్బ తగిలినా ఫరవాలేదు. స్ట్రాబెర్రీ విషయం అలా కాదు. ఒకే మొక్క మీద పూత, పిందె, దోర, పండు అన్నీ ఒకే సమయంలో ఉంటాయి. ఆకు చాటున దాగిన పండును గుర్తించి, నలగకుండా తుంచి, రెండు మూడు రోజులకొకసారి అదే మొక్క దగ్గరకు తిరిగి రావాలి. మనిషి కన్ను, మనిషి వేళ్లు చేసే ఆ పనిని అంత వేగంగా, అంత తక్కువ ఖర్చుతో చేయగల రోబో కోసం ఇన్నేళ్లుగా ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి.

యంత్రం గురించి చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఒక పనిని యంత్రానికి అప్పగిస్తే కూలీల అవసరం పూర్తిగా పోదు, తరువాతి పని దగ్గర అది మళ్లీ గుమిగూడుతుంది. అమెరికాలో పత్తి తీసే యంత్రాన్ని 1944లో మిసిసిపీలోని హాప్సన్ క్షేత్రంలో ప్రజల ముందు నడిపి చూపించారు. అయినా పత్తి తీత దాదాపు పూర్తిగా యంత్రాల చేతికి వెళ్లడానికి 1960ల చివరి దాకా పట్టింది. తీత యంత్రం చేసినా, కలుపు తీయడానికి మనుషులు కావాలి కదా; ఆ మనుషులను ఎలాగూ ఉంచుకోవలసి వచ్చినప్పుడు యంత్రం కొనడం గిట్టుబాటు కాదు. కలుపు మందులు వచ్చిన తరువాతే ఆ రెండో ముడి విడిపోయింది. అందుకే ఒక యంత్రం వచ్చిందని విన్నప్పుడు, ఆ పంటలో మిగిలిన పనుల సంగతి ఏమిటని అడగడం నాకు అలవాటు.

చట్టాలు కూడా ఊహించని దారిలో యంత్రాన్ని తెచ్చిపెడతాయి. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో చెరకు కోతకు ముందు తోటకు నిప్పు పెట్టి ఆకును కాల్చేవారు. కాల్చిన తోటలో చేతితో కోయడం చాలా సులభం. పొగ కాలుష్యాన్ని అరికట్టడానికి ఆ కాల్చడాన్ని దశలవారీగా నిలిపివేయాలని 2002లో చట్టం చేశారు. పచ్చి చెరకును చేతితో కోయడం గిట్టుబాటు కాక మిల్లులు యంత్రాలకు మారాయి. చట్టం రక్షించదలచినది గాలిని. దాని వెనుక చెరకు కోసేవారి ఉపాధి చాలావరకు కనుమరుగైంది.

గట్టుమీద

నేను కార్మికుల ఆరోగ్యం, హక్కుల రంగంలో పని చేస్తాను. నారుమడి గారు చెప్పిన ఒత్తిడి నిజమైనదే, దానిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. కానీ తొలకరి గారి ప్రశ్నకు అసలు సమాధానంలో పెద్ద భాగం చట్టాలలో ఉందని నేను నమ్ముతున్నాను. కూలి అడుగున ఉండడం ప్రకృతి ధర్మం కాదు. చాలా దేశాలు తమ కార్మిక చట్టాలను రాసుకున్నప్పుడే వ్యవసాయ కూలీని గడప బయట నిలబెట్టాయి.

అమెరికాలో సంఘం పెట్టుకునే హక్కును కాపాడే 1935 నాటి చట్టం వ్యవసాయ కార్మికులను మినహాయించింది. కనీస వేతనాన్ని, అదనపు గంటల వేతనాన్ని నిర్ణయించిన 1938 నాటి చట్టం కూడా వారిని వదిలివేసింది. కనీస వేతనం 1966 సవరణతో పాక్షికంగా వారికి అందింది. అదనపు గంటలకు ఎక్కువ చెల్లించాలన్న నియమం మాత్రం జాతీయ స్థాయిలో ఈనాటికీ వారికి వర్తించదు. సీజర్ చావెజ్, డోలొరెస్ హుయెర్తా, లారీ ఇట్లియాంగ్ వంటి కార్మిక నాయకులు 1965లో మొదలైన డెలానో ద్రాక్ష తోటల సమ్మెను అయిదేళ్లు నడిపిన తరువాత, 1975లో కాలిఫోర్నియా తన వ్యవసాయ కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కును చట్టబద్ధం చేసింది. పొట్టి పిడి ఉన్న గుద్దలితో రోజంతా నడుము వంచి పని చేయించడం అక్కడ నిషిద్ధమైనది కూడా ఆ సంవత్సరమే. పిడి పొడవు పెంచితే పని పాడవుతుందని యజమానులు అంతకుముందు ఎన్నో ఏళ్లు వాదించారు. పొడవు పెరిగింది, పంటకు ఏమీ కాలేదు, కానీ అప్పటికే ఎందరో మనుషుల వెన్నెముకలు శాశ్వతంగా దెబ్బతిన్నాయి.

పనిలో ప్రమాదం సంగతి. వ్యవసాయం, గనులు, నిర్మాణం అనే మూడూ ప్రపంచంలోని అత్యంత ప్రమాదకరమైన రంగాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతూనే ఉంది. ట్రాక్టర్ తిరగబడడం, పురుగుమందుల విషం, యంత్రంలో చేయి పడడం మనకు తెలిసినవే. ఇప్పుడు వీటికి ఎండ తోడైంది. ఆ సంస్థ 2019లో వెలువరించిన అంచనా ప్రకారం 2030 నాటికి వేడి వల్ల ప్రపంచం కోల్పోయే పని గంటలు 8 కోట్ల పూర్తికాల ఉద్యోగాలతో సమానం, అందులో 60 శాతం నష్టం వ్యవసాయానిదే. మధ్య అమెరికా చెరకు తోటల్లో పాతికేళ్లు, ముప్పై ఏళ్ల యువకులు మూత్రపిండాల జబ్బుతో మరణించడం వైద్యులను కలవరపెట్టింది. తీవ్రమైన ఎండలో, తగినంత నీరు లేకుండా చేసే కఠిన శ్రమకు దానితో సంబంధం ఉందని పరిశోధనలు సూచించాయి. నికరాగువాలోని ఒక చెరకు సంస్థలో నీరు, నీడ, నిర్ణీత వ్యవధిలో విశ్రాంతి ఏర్పాటు చేసినప్పుడు మూత్రపిండాలు దెబ్బతినడం తగ్గింది. ఏ ఖరీదైన సాంకేతికతా అవసరం లేకుండా నీరు, నీడ, విశ్రాంతితోనే అది జరిగింది.

ఇలాంటి పనిని తల్లిదండ్రులు తమ పిల్లలకు వద్దనుకుంటారు. పిల్లలు చదువుకుని మరో దారి చూసుకుంటారు. దానిని కొరత అని ఫిర్యాదు చేయడానికి ముందు, ఆ కుటుంబాల నిర్ణయం ఎంత వివేకవంతమైనదో ఒప్పుకోవాలి.

తొలకరి

గట్టుమీద గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఒక సందేహం. కార్మికుల రాకను ప్రభుత్వమే ఒక్కసారిగా ఆపివేస్తే కూలి పెరుగుతుందని కొందరు వాదిస్తుంటారు. అలా ఎక్కడైనా జరిగిందా? జరిగితే ఫలితం ఏమైంది?

లెక్కలపద్దు

జరిగింది, దాని ఫలితాన్ని శ్రద్ధగా కొలిచారు కూడా. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, మెక్సికో నుంచి పొలం పనులకు మగవారిని తాత్కాలిక ఒప్పందాలపై రప్పించే బ్రసేరో పథకాన్ని అమెరికా ప్రారంభించింది. 1964 చివరిలో అది ముగిసేలోగా 40 లక్షలకు పైగా ఒప్పందాలు జరిగాయి. వలస కూలీలు లేకపోతే స్థానికుల కూలి పెరుగుతుందన్నది దానిని రద్దు చేయడానికి చెప్పిన ప్రధాన కారణాలలో ఒకటి.

మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హన్నా పోస్టెల్ అనే ఆర్థికవేత్తలు 2018లో ప్రచురించిన అధ్యయనం ఆనాటి వేతనాలను పరిశీలించింది. బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ, అసలు లేని రాష్ట్రాల్లోనూ కూలి దాదాపు ఒకే తీరున కదిలిందని, రద్దు వల్ల స్థానికులకు చెప్పుకోదగిన లాభం కనబడలేదని వారు తేల్చారు. యంత్రం సిద్ధంగా ఉన్న పంటల్లో రైతులు యంత్రానికి మారారు. యంత్రం లేని పంటల్లో సాగునే తగ్గించుకున్నారు. నారుమడి గారు తన అనుభవం నుంచి చెప్పిన మాటకు ఇంతకంటే గట్టి ఆధారం నాకు తెలియదు.

ఇనుపనాగలి

ఆ కాలపు టమాటా కథను ఇక్కడ చేర్చాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జాక్ హన్నా అనే వృక్ష ప్రజనన శాస్త్రవేత్త ఒకేసారి పండే, దెబ్బ ఓర్చుకునే టమాటా రకాన్ని తయారు చేయగా, కోబీ లొరెంజెన్ నాయకత్వంలోని ఇంజనీర్లు దానిని కోసే యంత్రాన్ని రూపొందించారు. మొక్కను యంత్రానికి తగినట్లు మార్చడం ఇందులో అసలు మెలకువ. బ్రసేరో పథకం రద్దయిన కొద్ది సంవత్సరాల్లోనే సాస్, గుజ్జు తయారీకి వాడే టమాటా దాదాపు పూర్తిగా యంత్రపు కోతకు మారింది.

అయితే ఆ యంత్రాలు కొనగలిగిన పెద్ద కమతాలు నిలిచాయి, చిన్న రైతులు ఎందరో ఆ పంటనే వదిలేశారు. ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయం కూలీలకూ చిన్న రైతులకూ నష్టం కలిగించే పరిశోధన చేయవచ్చా అని 1979లో న్యాయస్థానంలో దావా కూడా వేశారు. పరిశోధన ఆపాలని నేను అనను. కానీ యంత్రం రూపకల్పనకు డబ్బు కేటాయించిన రోజే, దాని వల్ల పని కోల్పోయేవారికి ఏ శిక్షణ ఇవ్వాలో, దానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలో కూడా నిర్ణయించాలని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

పైరగాలి

ఇంత చర్చ జరిగినా ఎవరూ స్త్రీల గురించి ప్రత్యేకంగా రాయకపోవడం నాకు బాధ కలిగించింది. మగవారు పట్నానికో, పరదేశానికో వెళ్లినప్పుడు పొలం పని ఆగదు. అది ఇంట్లో మిగిలిన స్త్రీ మీద పడుతుంది. భారతదేశంలో పని చేసే స్త్రీలలో వ్యవసాయంలో ఉన్నవారి వాటా 2017-18లో 57 శాతం కాగా 2023-24 నాటికి 64 శాతం దాటింది. ఆహార వ్యవసాయ సంస్థ 2023 నివేదిక ప్రకారం ప్రపంచంలో వ్యవసాయ వేతన పనిలో పురుషుడికి వంద రూపాయలు వచ్చే చోట స్త్రీకి వచ్చేది 82.

ఇనుపనాగలి గారిని ఉద్దేశించి ఒక మాట. నాట్లు, కలుపు తీత, ఏరడం వంటివి తరతరాలుగా స్త్రీలు చేస్తున్న పనులు. యంత్రం ముందుగా వాటిలోకే వస్తోంది. ఆ యంత్రాన్ని నడిపే పని మాత్రం మగవాడికి వెళుతోంది. పది మంది స్త్రీల కూలి పోయి ఒక మగవాడి జీతం మిగులుతుంది. యంత్రపు పీట ఎత్తు, మీట బరువు, శిక్షణ జరిగే చోటు, శిక్షణ వేళలు మొదలైనవన్నీ మగవాడిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవే. వీటిని మార్చడం ఇంజనీర్ల చేతిలో ఉన్న పనే.

ఇంకొక విషయం రాయడానికి కూడా కష్టంగా ఉంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా నుంచి చెరకు కోతకు వలస వెళ్లేవారికి దంపతులిద్దరినీ ఒక జట్టుగా లెక్కించి మేస్త్రీ ముందే బయానా ఇస్తాడు. ఒకరు ఒక రోజు పని మానినా ఆ జట్టుకు కోత పడుతుంది. నెలసరి నొప్పితోనో, ఇన్ఫెక్షన్‌తోనో పని పోగొట్టుకోలేని స్త్రీలు చిన్న వయసులోనే గర్భసంచి తొలగించుకుంటున్నారన్న విషయం 2019లో వెల్లడై, రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించవలసి వచ్చింది. మరుగుదొడ్డి, శుభ్రమైన నీరు, సెలవు రోజున కూడా కోత పడని కూలి లేకపోవడం ఎంత దూరం తీసుకువెళుతుందో ఇది చెబుతుంది. చేతులు కరువయ్యాయని మాట్లాడేటప్పుడు ఆ చేతులు ఎవరివో కూడా చూడాలి.

నారుమడి

పైరగాలి గారు చెప్పినది చదివిన తరువాత వెంటనే మరో విషయంలోకి వెళ్లడం కష్టమే. అయినా గట్టుమీద గారిని ఒకటి అడగాలి. రోజు కూలి కాకుండా గంపకు ఇంత, బస్తాకు ఇంత అని గుత్తకు ఇచ్చే పద్ధతిని మీలాంటివారు విమర్శిస్తుంటారు. నా దగ్గరకు వచ్చే నేర్పరులైన కోతగాళ్లు స్వయంగా గుత్తనే కోరుకుంటారు, ఎందుకంటే దానిలో వారికి రోజు కూలి కంటే ఎక్కువ దక్కుతుంది. దానిని రద్దు చేస్తే ముందుగా నష్టపోయేది వారే.

గట్టుమీద

నారుమడి గారూ, గుత్తను రద్దు చేయాలని నేను కోరడం లేదు. దాని కింద ఒక నేల ఉండాలని కోరుతున్నాను. కాపు పలచగా ఉన్న రోజున, వాన పడి సగం పూట పోయిన రోజున, కొత్తగా వచ్చినవాడికి చేయి తిరగని వారంలో గుత్త కూలి కనీస వేతనం కంటే కిందికి పడిపోతుంది. ఆ నష్టం మొత్తం కూలీదే అవుతుంది. పైగా నీళ్లు తాగడానికి ఆగిన ప్రతి నిమిషం తన జేబు నుంచి పోతుంది కనుక మనిషి దాహాన్ని అణచుకుంటాడు. ఎండదెబ్బకు అది దారి తీస్తుంది.

ఆస్ట్రేలియా ఈ చిక్కును ఒక పద్ధతిలో పరిష్కరించింది. అక్కడి పండ్ల, కూరగాయల తోటల్లో గుత్త కొనసాగుతుంది. అయితే 2022 ఏప్రిల్ నుంచి, గుత్త మీద ఎంత సంపాదించినా సంపాదించకపోయినా పని చేసిన ప్రతి గంటకు కనీస వేతనం తగ్గకుండా చెల్లించాలి, గంటల లెక్క యజమాని రాసి ఉంచాలి. నేర్పరికి తన అదనపు సంపాదన దక్కుతూనే ఉంటుంది.

కూలి పెంచిన మేరకు ధర పెంచుకోలేనని మీరు మొదట చెప్పిన చిక్కుకు అమెరికాలోని ఫ్లోరిడా టమాటా కూలీలు ఒక సమాధానం చూపించారు. ఇమోకలీ కార్మికుల కూటమి తోట యజమానులతో మాత్రమే పోరాడకుండా, టమాటాను పెద్ద ఎత్తున కొనే ఆహార సంస్థలపై దృష్టి పెట్టింది. పౌను (సుమారు 450 గ్రాములు) సరుకుకు ఒక సెంటు అదనంగా ఇవ్వడానికి, ఆ డబ్బు కూలీలకు చేరేలా చూడడానికి, నియమాలు పాటించని తోట నుంచి కొనడం ఆపివేయడానికి ఆ సంస్థలు ఒక్కొక్కటిగా ఒప్పుకున్నాయి. 2011 నుంచి ఫ్లోరిడా టమాటా సాగుదారులలో అత్యధికులు ఆ ఒప్పందం కింద ఉన్నారు. ధరను నిర్ణయించేవాడే బాధ్యత పంచుకోవాలన్నది దానిలోని సూత్రం. మీలాంటి రైతులకు కూడా అది మేలు చేసేదే.

పొలిమేర

వలస పథకాల గురించి కొంత తెలిసినవాడిగా నాలుగు మాటలు రాస్తాను. ధనిక దేశాలలో తోటలు నడుస్తున్నది తాత్కాలిక వీసాల మీద. అమెరికాలో పొలం పనులకు ఇచ్చే హెచ్-2ఎ అనే తాత్కాలిక వీసా కింద అనుమతించిన పని స్థానాలు 2005లో సుమారు 48 వేలు ఉండగా 2023 నాటికి 3,70,000 దాటాయి. బ్రిటన్ తాత్కాలిక వ్యవసాయ కూలీలను రప్పించే తన పాత పథకాన్ని 2013లో మూసివేసి, యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలిగే నిర్ణయం తరువాత 2019లో 2,500 మందితో మళ్లీ ప్రారంభించి, కొన్నేళ్లలోనే పదుల వేలకు పెంచవలసి వచ్చింది. కోవిడ్‌తో సరిహద్దులు మూసుకున్న 2020 ఏప్రిల్‌లో సైతం జర్మనీ ఆస్పరాగస్ అనే కూరగాయ కోత కోసం రుమేనియా నుంచి ప్రత్యేక విమానాల్లో కూలీలను రప్పించుకుంది.

ఈ వీసాలలో చాలావాటికి ఒకే లోపం ఉంది. అవి కార్మికుడిని ఒకే యజమానికి కట్టి ఉంచుతాయి. ఆ యజమాని దగ్గర అన్యాయం జరిగితే పని మానుకునే హక్కు కాగితం మీద ఉంటుంది, కానీ మానుకున్న మరుక్షణం దేశంలో ఉండే హక్కు పోతుంది. వచ్చేముందు ఏజెంటుకు చెల్లించిన అప్పు తలమీద ఉన్నవాడు నోరు తెరవడు. బ్రిటన్‌లోని మోర్‌కాంబ్ అఖాతంలో 2004 ఫిబ్రవరిలో ఆలుచిప్పలు ఏరుతున్న 20 మందికి పైగా చైనా కూలీలు సముద్రపు పోటుకు చిక్కి చనిపోయిన తరువాత, కూలీలను సరఫరా చేసే మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఆ సంవత్సరమే చట్టం తెచ్చారు. ఇటలీ 2016లో అక్రమ మేస్త్రీతో పాటు అతని ద్వారా కూలీలను దోచుకునే యజమానిని కూడా శిక్షించే చట్టం చేసింది. ఈ రెండోది నా దృష్టిలో ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే మేస్త్రీని ముందు పెట్టి వెనుక నిలబడే అలవాటును అది ప్రశ్నిస్తుంది.

సరైన నియమాలతో వలస మేలు చేసిన ఉదాహరణ కూడా ఉంది. తోట పనులకు తాత్కాలిక కూలీలను రప్పించడానికి న్యూజిలాండ్ 2007లో ప్రారంభించిన పథకంలో పాల్గొన్న, పసిఫిక్ ద్వీప దేశాలైన టోంగా, వనువాటు కుటుంబాల ఆదాయం గణనీయంగా పెరిగిందని ఆర్థికవేత్తలు డేవిడ్ మెకెంజీ, జాన్ గిబ్సన్ పరిశోధన చూపింది. ఒకసారి వచ్చిన కార్మికులు మళ్లీ అదే తోటకు రావడం ఆ పథకంలో సాధారణం.

అయితే ఈ మార్గం శాశ్వతం కాదు. పంపే దేశాలు కూడా మారుతున్నాయి. మెక్సికో పల్లెల్లో బడులు పెరిగి, కుటుంబాలు చిన్నవై, ఇతర ఉపాధి దొరకడంతో అక్కడి యువతరం పొలం పనికి దూరమవుతోందని డయాన్ చార్ల్‌టన్, ఎడ్వర్డ్ టేలర్ 2016లోనే రాశారు. మెక్సికో రైతులు సైతం ఇప్పుడు ఇతర దేశాల నుంచి మనుషుల కోసం చూసే స్థితి వచ్చింది.

ఇనుపనాగలి

పొలిమేర గారి చివరి మాటకు కొనసాగింపుగా జపాన్‌ను చూడవచ్చు. అక్కడ ప్రధానంగా సేద్యమే వృత్తిగా ఉన్నవారు 2000లో 24 లక్షలు ఉండగా 2020 నాటికి 13.6 లక్షలకు తగ్గారు, వారి సగటు వయసు 67 దాటింది. వరి నాటే యంత్రాలు అక్కడ అర్ధ శతాబ్దం క్రితమే ఇంటింటికీ చేరాయి. యంత్రం ఉన్నా దానిని నడిపే తరం ముందుకు రాలేదు. యంత్రం చేరినంత మాత్రాన సేద్యానికి మనుషులు మిగులుతారన్న భరోసా లేదని ఆ దేశం మనకు చూపుతోంది.

పైరగాలి గారు అడిగిన దానికి సమాధానం చెబుతాను. పీట ఎత్తు, మీట బరువు మార్చడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. అడిగేవారు లేక చేయడం లేదు. యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వాలు దానిని ఒక షరతుగా పెడితే తయారీదారులు ఒక ఏడాదిలో మారతారు. శిక్షణ విషయంలో, ఆ పంటలో అప్పటిదాకా చేతితో పని చేసిన స్త్రీలకే యంత్రం నడిపే శిక్షణలో మొదటి అవకాశం ఇవ్వాలి. పంట గురించి వారికి ఉన్న అవగాహన కొత్తగా వచ్చిన ఏ డ్రైవరుకూ ఉండదు.

తొలకరి

పిల్లల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక క్లుప్తంగా చేరుస్తున్నాను. 2024లో ప్రపంచంలో బాల కార్మికులు 13.8 కోట్ల మంది కాగా వారిలో 61 శాతం వ్యవసాయంలోనే ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ అంచనా. గుత్త మీద వచ్చే కుటుంబంలో గంప నింపడానికి పిల్లల చేతులు కూడా కలుస్తాయి. గట్టుమీద గారు చెప్పిన గంటల లెక్క ఉంటే, ఆ గంపను ఎవరు నింపారన్న ప్రశ్న కూడా వస్తుంది.

నారుమడి

ఈ చర్చ నుంచి నేను నా సాగులో అమలు చేయదలచిన రెండు విషయాలు రాస్తాను, అనుభవజ్ఞులు సరిదిద్దగలరు. మొదటిది, ఒకే రకం చెట్లు వేసి మూడు వారాల్లో కోత ముగించే బదులు ముందు, మధ్య, చివర కాసే రకాలను కలిపి వేయడం. కోత కాలం రెండు నెలలకు సాగుతుంది, అరవై మందికి బదులు పాతిక మంది సరిపోతారు, ఆ పాతిక మందికి ఎక్కువ రోజులు పని దొరుకుతుంది. దిగుబడిలో కొంత తగ్గుదల ఉండవచ్చు. మనుషులు దొరకక కాయ రాలిపోవడం కంటే అది మేలే.

రెండోది, వేర్వేరు పంటలు వేసే నలుగురైదుగురు రైతులం కలిసి ఒకే జట్టుకు ఏడాది పొడవునా పని చూపించడం. నా కోత అయ్యాక పక్కవారి నాట్లు, ఆ తరువాత మరొకరి కొమ్మ కత్తిరింపులు. విడివిడిగా మాలో ఎవరమూ ఏడాది ఉపాధి ఇవ్వలేము, కలిస్తే ఇవ్వగలమనిపిస్తోంది. ఇందులో నాకు తేలని చిక్కు ఒకటుంది. అలాంటి జట్టుకు ప్రమాదం జరిగినా, కూలి బకాయి పడినా బాధ్యత ఎవరిది?

గట్టుమీద

ఆ చిక్కును మొదటే తేల్చుకోవడం మంచిది. ఫ్రాన్స్‌లో రైతులు కలిసి యజమానుల సమితిగా ఏర్పడి, కార్మికులను ఆ సమితి పేరున నియమించుకునే పద్ధతి 1985 నుంచి చట్టంలో ఉంది. జీతం సమితి ఇస్తుంది, సభ్యులు వాడుకున్న గంటలకు సమితికి చెల్లిస్తారు, కూలి బకాయిలకు సభ్యులందరూ ఉమ్మడి బాధ్యత వహిస్తారు. కార్మికుడికి అయిదుగురు యజమానుల బదులు ఒకే యజమాని, ఒకే ఒప్పందం, ఒకే సెలవుల లెక్క ఉంటాయి. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా సహకార సంఘంగా నమోదై ఈ నియమాలనే రాతపూర్వకంగా పెట్టుకోవచ్చు. ప్రమాద బీమా సంఘం పేరున, కార్మికుల పేర్లతో తీసుకోండి. నియమాలు రాసే సమావేశానికి ఆ జట్టులోని స్త్రీలను, పురుషులను కూడా పిలవండి. ఏ నెలలో ఎవరికి ఇంటి దగ్గర పని ఉంటుందో, ఏ వేళకు ఎండ భరించలేనిదవుతుందో వారే చెప్పగలరు. ముసాయిదా సిద్ధమైతే ఇక్కడ పెట్టండి, చదివి నా అభిప్రాయం రాస్తాను.